నీ ఇష్టం

పదకొండేళ్ళు నేను కళ్ళతోనే బతికాను.
మాస్కు పైన నావి,
కుర్చీలో వెనక్కి వాలిన మనిషివి.
నోటి నిండా దూదీ గొట్టాలూ ఉన్నవాళ్ళు
మాట్లాడేది రెప్పలతోనే కదా.
వాళ్ళు చెయ్యి ఎత్తకముందే డ్రిల్లు ఆపించేదాన్ని.
"ఎలా తెలుస్తుంది నీకు?" అనేది డాక్టర్ మెక్‌ఫీ.
నాకేం తెలుసు? తెలిసేది, అంతే,
వాన వాసన తెలిసినట్టు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
మిస్టర్ గెడ్డెస్ కళ్ళలో నీళ్ళు తిరిగి
చెంప దాటి చెవిలోకి జారాయి.
నేను లైటు సర్దుతున్నాను.
నీళ్ళు చూశాను.
నీళ్ళనే చూశాను.

నైన్‌వెల్స్ ఆసుపత్రిలో నా మెదడు తెరమీద చూపించారు.
అక్కడక్కడా తెల్లటి మచ్చలు.
మల్టిపుల్ స్క్లెరోసిస్.
నరాల మీది పొర అరిగిందన్నారు.
ఎనామెల్ లాంటిదా అని అడిగాను.
దాదాపు, అన్నాడు ఆ కుర్ర డాక్టరు.
ఎనామెల్ మళ్ళీ మొలవదని
ఎంతమంది పిల్లలకు చెప్పుంటానో, చేతిలో స్టిక్కర్ పెట్టి.

కాలు తిమ్మిరెక్కితే లోకానికి అర్థమవుతుంది.
కర్ర కనబడితే హిల్‌టౌన్ ఎత్తుమీద బస్సయినా ఆగుతుంది.
దీనికి ఏ కర్ర?

పరీక్ష పెట్టారు.
ఫొటోలో వట్టి కళ్ళు, కింద నాలుగు మాటలు,
ఒకటి ఎంచుకోవాలి.
ఒకావిడ అలిగిందనిపించింది.
ఆ నాలుగింటిలో అలక లేదు.
ఇంకొకాయన చిన్నబుచ్చుకున్నాడు,
దానికీ గడి లేదు.
ఇది జబ్బు తప్పా, భాష తప్పా అంటే
పరీక్ష పెట్టినామె పెన్ను ఆగింది.
"మంచి ప్రశ్న" అంది.
మెచ్చుకుందో, విసుక్కుందో,
అదీ తెలియలేదు.

డండీలో "ఆయ్, రైట్" అంటే కాదని.
రెండు ఔన్లు కలిస్తే ఒక కాదు.
వచ్చిన మొదటి చలికాలంలోనే పట్టేశాను,
మా అమ్మ "చేశావులే"కి అది దగ్గర చుట్టం.
ఇప్పుడు రిసెప్షన్లో కూచుంటున్నాను.
మోరాగ్ ఏదో అంటుంది, అందరూ నవ్వుతారు,
ఒక అడుగు వెనకగా నేనూ నవ్వుతాను,
రాని కీర్తనకు చర్చిలో పెదాలు కదిపినట్టు.

ఇక ప్రభుదాస్ సంగతి.
అటకమీది పాత క్రికెట్ బ్యాటు
చారిటీ షాపులో ఇచ్చెయ్యనా అన్నాను.
"నీ ఇష్టం" అన్నాడు.
పంతొమ్మిదేళ్ళ కాపురంలో
ఆ మాటకు నా ఇష్టమని ఒక్కసారీ అర్థం లేదు.
ఆ రోజు మాటొక్కటే వినబడింది.
ఇచ్చేసి వచ్చాను.
ఆ తర్వాత మూడు రోజులు
ఇల్లెంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను.

నాలుగో రోజు అన్నం ముందు కూచుని,
"కెజియా, నాకు కోపంగా ఉంది.
మూడు రోజుల్నుంచీ" అన్నాడు.
మర్నాడు వెళ్ళి బ్యాటు కొనుక్కొచ్చాను,
నాలుగు పౌండ్లు.

అప్పట్నుంచీ ఇంట్లో ఇదే పద్ధతి.
రైల్వే స్టేషన్లో మైకులా పైకి చెప్పేస్తాడు.
"ఇది కోపం కాదు, ఆకలి."
"ఇది వేళాకోళం. నువ్విప్పుడు నవ్వాలి."
"విసుగు. నీ మీద కాదు, కౌన్సిల్ వాళ్ళ మీద."
నిన్న రాత్రి లైటు ఆర్పాక,
నిద్రపోయాడనుకున్నాక,
"ఇది భయం" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట అతని నోట వినలేదు.
కళ్ళలో ఉండేదేమో.
ఊరందరి కళ్ళూ చదివిన రోజుల్లో కూడా
అవి చదివానా నేను?

పొద్దున టే నది మీద పొగమంచు,
వంతెన సగం దాకానే ఉంది.
బస్సులో పక్కసీటు పిల్ల
కిటికీకి నుదురు ఆనించి కూచుంది.
నిద్రో, ఏడుపో.
పూర్వమైతే తెలిసిపోయేది, తెలిసి ఊరుకునేదాన్ని.
"బాగానే ఉన్నావా తల్లీ?" అని అడిగాను, వాళ్ళ భాషలో.
నావైపు తిరిగి
"ఆయ్" అంది.
ఒక్కటే ఆయ్.