చిలక్కొయ్య

గోథెన్‌బర్గ్‌లో, ట్రామ్ మలుపు తిరిగే చోట, మూడో అంతస్తు.
గున్వోర్ ఇంటి నడవాలో
అయిదు చిలక్కొయ్యలు బిగించాను.
నాలుగు ఉత్త బిర్చ్ కర్ర.
అయిదోదాని కడుపులో సన్నటి తీగ, వేలెడంత మోటారు.

ఆమె ముందే చెప్పింది:
"తెర వద్దు. మోత వద్దు.
వచ్చేపోయేవాళ్లకు నా గుండె సంగతి తెలియొద్దు.
నాకు మాత్రం బూట్లు విప్పేలోగా తెలియాలి."

మణికట్టు పట్టీలో నాడి తిన్నగా ఉంటే
కొయ్య తిన్నగా.
తడబడిన రోజు గోరంత కిందికి వాలుతుంది,
పలకని చిలక.
ఆ గోరంత కోసం పద్నాలుగు కొయ్యలు పాడుచేశాను.
ఒకటి మరీ వంగి దండం పెట్టింది,
ఒకటి కిర్రుమని గుట్టు రట్టు చేసింది.

నవంబరులో చూడబోయాను.
అయిదోదాని మీద తడి కోటు,
దానిపైన ఉన్ని టోపీ, రెండు మఫ్లర్లు.
అన్నీ కింది అంతస్తు సిక్స్‌టెన్‌వి.
"మరి కబురు?" అన్నాను.
"రోజూ కాఫీకి వస్తాడు.
ఎక్కడ తగిలించాలో నేను చెప్పలేను కదా" అంది
మూడు కప్పులు తీస్తూ.

అంత బరువు కింద
కొయ్య వాలిందో లేదో
చేసినవాణ్ణి, నాకే తెలియలేదు.