కండెమ్డ్ కుర్చీ

దేవరకొండ సర్కారు దవాఖానల
స్టోరు తాళాలు నా మొలకు కట్టుకొని
పందొమ్మిదేండ్లాయె.
సూది నుంచి సిలిండరు దాక
నేను రాయంది గేటు దాటదు.

ఆ ఆషాఢంల మాత్రం లెక్క తప్పింది.

పాత పైపులల్ల మోరినీళ్లు కలిసి
తండాలకు తండాలు ట్రాలీ ఆటోలల్ల దిగినయి.
మంచాలు నిండినయి, వరండా నిండింది.
కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు కట్టినం,
ఆఖరికి సైకిల్ స్టాండు కమ్మీలకు గూడ.
పొద్దుగాల నాలుగొందల సీసాలిస్తే
మాపటికి జంగయ్య
ఖాళీ అట్టపెట్టె పట్టుకొని
నా ముంగట నిలవడేటోడు.
నోరిప్పి అడిగేటోడు గాదు.

బ్లీచింగుల నాని సాలమ్మ ఏళ్లు చిట్లినయి,
అన్నంల కారం కలుపుకోరాదు.
రోగం మోసుకొస్తదని ఇంటి ఓనరు
బిందె, చాప బయటవెడితే
మోతీబాయి మూడు రాత్రులు
ఎక్స్‌రే రూముల పండుకున్నది.
షుజాత్ సారు
ఎండిపోయిన పసిగుడ్డుకు నరం దొరుకక
ఏడు సార్లు గుచ్చిండు.
ఎనిమిదోసారి దొరికింది. పిల్ల బతికింది.
బయటికొచ్చి గోడకు మొకం వెట్టి నిలవడ్డడు,
దెబ్బలు తిన్న బడిపోరని లెక్క.

గా దినమే సువార్త సిస్టరు
స్టోరు ఎనుక ఇరిగిన సామాన్ల కుప్పల నుంచి
ఒక కుర్చీ గుంజుకపోయింది.
ఎర్ర ప్లాస్టిక్కుది. మూడు కాళ్లే సక్కగున్నయి.
నాలుగోదానికి సెలైన్ పైపు చుట్టి ముడేసి
మెట్ల కింద, మోటరు రూము పక్కన ఏసింది.

"అది కండెమ్డ్ సిస్టరూ, వేలంల పోవాలె" అన్న.
"మేం గూడ గట్లనే ఉన్నం గదయ్యా" అన్నది.

ఒక్కటే కట్టడి.
అండ్ల కూసున్నోళ్లను
పది నిమిషాలు ఎవ్వరు పిలువొద్దు.
ఏమైందని అడగొద్దు.
ధైర్యం జెప్పొద్దు.
చాయ్ ఇయ్యొచ్చు. అంతే.

మొదలు అందరు నవ్విండ్రు.
రెండోనాడు సాలమ్మ కూసొని
తన చేతులు తానే సూసుకున్నది, పరాయివి సూసినట్టు.
మూడోనాడు కుర్చీ కింద
కొబ్బరినూనె సీసా ఒకటి మొలిసింది.
ఎవరు వెట్టిండ్రో నేటికీ తెల్వదు,
నా ఇండెంటుల లేదు.

కుర్చీ జీతాలియ్యలేదు, నిజమే.
కాంట్రాక్టోళ్లకు మూడు నెల్ల పైసలు అట్లనే ఆగినయి.
పూలు జల్లి ఫొటో దిగుతమని ఒచ్చిన పెద్దమనుషులకు
సిస్టరు ఒక చిట్టీ చేతుల వెట్టింది:
గ్లౌజులు, ఒక గీజరు, రాత్రి డ్యూటీకి అన్నం.
పూలు తీసుకపోయిండ్రు. చిట్టీ ఇడిసిపోయిండ్రు.
అన్నం మాత్రం ఒచ్చింది. వాళ్ల కాడికెళ్లి గాదు,
నయమై పోయిన ఒక తండా తల్లి కాడికెళ్లి,
గంపెడు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం.
ఆ కారం సాలమ్మ తిన్నది.

ఒక రాత్రి ఖిల్లా గుట్ట మీదికెళ్లి వాన దిగుతుంటే
స్టోరుల పదకొండు సీసాలే మిగిలినయి.
నల్లగొండ బండి రాలె.
పదకొండు, మల్ల లెక్కవెట్టిన, పదకొండే.
నా కాళ్లు వాటంతట అవే మెట్ల కిందికి నడిసినయి.
వరండాల జంగయ్య ఉరుకొచ్చుడు ఇనవడ్డది,
దానెంబడే సిస్టరు గొంతు:
"ఆగు. స్టోరాయన కూసున్నడు."

పందొమ్మిదేండ్లల్ల
నా కోసం ఒకరు ఆగుడు గదే మొదలు.
బండి ఏ యాళ్లకొచ్చిందో
రిజిస్టరుల ఉన్నది. చాయ్ ఎవరిచ్చిండ్రో లేదు.

కార్తీకంల ఆడిటు సారొచ్చిండు.
"ఎర్ర కుర్చీ ఒకటి, కండెమ్డ్. ఏదీ?"
తోలుకపోయి సూపెట్టిన.
మోతీబాయి కండ్లు మూసుకొని కూసున్నది,
చెప్పులు ఇడిసి, ఒక కాలు మీద ఒక కాలు.
సారు నోరు తెరువవోతే
ఏలు అడ్డం వెట్టిన.
"ఇంక నాలుగు నిమిషాలున్నయి సారూ."

గడియారం సూసుకున్నడు.
కాయిదాల కట్ట సంకల వెట్టుకొని
గోడకు ఆనుకున్నడు.