ఒకే పొయ్యి

సఖినేటిపల్లి రేవులో పంటు ఇంకా రాలేదు.
కొబ్బరి బస్తా మీద కూచుని
నలభై రెండు ప్రశ్నల కట్ట సరిచూసుకుంటున్నాను.
ఎమ్మే రెండో ఏడు. వలసలు, సామాజిక వైవిధ్యం.
మా వీధిలో ఎవరికి చెప్పినా
"అది చదివితే ఏ పోస్టు వస్తదే?" అంటారు.

మొదటి క్లాసులో మా మేడమ్ అన్నారు,
ఈ డెల్టా మట్టే వలస వచ్చిందని,
ఎక్కడో నాసిక్ కొండల్లోంచి కొట్టుకొచ్చి
ఇక్కడ స్థిరపడిందని.
అందరం రాసుకున్నాం. పరీక్షలోనూ రాశాం, మార్కులు పడ్డాయి.
మట్టికి మేస్త్రీ ఉండడని,
అడ్వాన్సు తీరేదాకా ఆగక్కర్లేదని
ఎవరం రాయలేదు.

రొయ్యల ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్లు.
షిఫ్టు దిగిన అమ్మాయిల వేళ్ళు
మంచునీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.
సంతకం పెట్టమంటే పెన్ను జారుతోంది.

బిలాసిని గొమాంగో. ఇరవై రెండు. గజపతి జిల్లా.
మాతృభాష?
అమ్మతో సవర. బళ్ళో ఒడియా.
సూపర్‌వైజరుతో తెలుగు.
చెన్నైలో సెంట్రింగు పనిచేసే మొగుడితో
ఫోన్లో ఎక్కువగా ఊరుకోవడమే.
నా గడి అంగుళం వెడల్పు.

కుటుంబ సభ్యులు ఎందరు?
అడిగి, కింద చిన్నక్షరాల్లో ఉన్న నిర్వచనం చదివాను:
ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు.
బిలాసిని షెడ్డు లోపలికి చెయ్యి చూపింది.
ఒక గ్యాసు పొయ్యి. పదకొండు కంచాలు.
సుందర్‌గఢ్ పిల్ల ఒకతి, అస్సాం అక్కచెల్లెళ్ళు,
సోంపేట నుంచి మరిడమ్మ,
పప్పులో చింతపండు పడాలా వద్దా అని
నాలుగు భాషల్లో తగువు.
"పదకొండు," అంది.
రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను.

"మీ ఇంట్లో?"

ఎదురు ప్రశ్నకి మా మెథడాలజీ పేపర్లో
జవాబు లేదు.
నాన్న, తమ్ముడు, నేను.
అమ్మ మస్కట్లో, పదమూడేళ్ళు.
కిందటేడు మాకు మూడు బర్నర్ల స్టవ్వు కొనిపెట్టింది.
వీడియో కాల్లో చూసి, మూడోది ఎందుకే, అంది.
అది ఇంకా వెలిగించలేదు ఆవిడ.
అక్కడ ఎవరింట్లోనో ఆరుగురికి వండి,
వాళ్ళు లేచాక
అదే పొయ్యి మీది అన్నం తింటుంది.
నా నిర్వచనం ప్రకారం
మా అమ్మ వాళ్ళింటి మనిషి.

"నాలుగు," అన్నాను.
బిలాసిని నా మొహంలోకి ఒక్క నిమిషం చూసి,
నా చేతిలో పెన్నుని చూసి
"పెన్సిలు తెచ్చుకోవాల్సింది," అంది.

ఇంకా ఇరవై ఆరు ప్రశ్నలున్నాయి.
వలసకు కారణం: ఒక్కదానికే టిక్కు పెట్టవలెను.
నేను చదవకముందే ఆమె వెళ్ళిపోయింది,
కంచం కడుక్కోడానికి ఆమె వంతు.

సాయంత్రం నరసాపురం రేవు. ఎదురుగాలి.
కాగితాలు ఎగిరిపోకుండా
టిఫిన్ డబ్బా పెట్టాను వాటి మీద.
అమ్మ వాయిస్ మెసేజ్ పంపింది, ఇంకా వినలేదు,
ఇంజను చప్పుడులో సగం పోతుంది.

టికెట్ల కుర్రాడొచ్చి
"ఎంతమందండీ?" అన్నాడు.
నా వెనక ఎవరూ లేరు.
అయినా
ఒకసారి తిరిగి చూశాను.