ఇరవై కిలోల లెక్క

ఎర్రగుంట్లలో బస్సు దిగేసరికే
చెప్పుల రంగు మారిపోయుంటుంది, సిమెంటు దుమ్ముకు.
సంచిలో ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన లెటర్లు తొమ్మిది,
అన్నింట్లోనూ కంపెనీ పేరు దగ్గర ఖాళీ.
బస్సులోనే నింపుకుంటా,
గతుకులకు అక్షరాలు కొంకర్లు పోతాయి.

మొదటి గేటు కాడ, హైదరాబాదు ఆఫీసుకు మెయిలు పెట్టుకో అన్నారు.
రెండో గేటు కాడ, లోపల ఎవురన్నా తెలుసునా?
మూడోచోట ఒకాయన మర్యాదగానే చెప్పినాడు:
ప్లాంటు వైపు ఆడపిల్లలకు బాత్రూము లేదు,
ఏమనుకోవాకమ్మా.
వాచ్‌మన్ మద్దిలేటి మాత్రం
రిజిస్టరులో 'వచ్చిన పని' అనే గడిలో
'పని' అని రాసి ఊరుకున్నాడు.

మా క్లాసు ఓబులేసుకు కరెంటాఫీసులో మామ ఉన్నాడు.
ఫర్హానా డబ్బు కట్టి సర్టిఫికెట్టు తెచ్చుకుంది,
ఈ ఆర్నెల్లూ ఇంట్లో మిషను కుడుతుందంట.
అదీ మెకానికలే కదే, అన్నా.
నవ్వింది, అంతే.

నాలుగో గేటు పక్కన లారీల కాటా.
ఎండకు తాళలేక రేకుల నీడన నిలబడితే
అద్దం వెనకనుంచి కేక:
"పాపా, కాటా మీదున్నావు!"
ఎంతుందన్నా, అంటే
నలభై, అన్నాడు.
మొన్న ఆస్పత్రిలో నలభై ఏడు చూపించిందే!
"ఇది ఇరవై ఇరవైగా లెక్కపెడతాదమ్మా.
మిగతా ఏడు కిలోలూ దీనికి ఆనవు."

ఆ ఏడు కిలోల గురించే అడిగినాను, వదలకుండా.
ఎందుకట్ల? కింద ఏముంది? ఎవురు సరిచేస్తారు?
విసుగొచ్చి టీ కొట్టు బిల్లు వెనకాల
ఒక నెంబరు రాసిచ్చినాడు.
చౌడప్ప, కాటాల రిపేరు, ప్రొద్దుటూరు.

చౌడప్పకు బోర్డు లేదు. జీఎస్టీ నెంబరుంది.
మా హెచ్చోడీ ముఖం చిట్లించుకునే సంతకం చేసినాడు.
జీతం లేదు. మధ్యాన్నం సంగటి, ఊరుబిండి.
లెటర్లు ఇంకా ఐదు మిగిలినాయి, ఖాళీగానే.

ఇప్పుడు కాటా కింద గుంతలో ఉన్నా,
లోడ్ సెల్ చుట్టూ దుమ్ము దులుపుతా.
పైన ఆయన సీలేసిన తూకం రాళ్లు
ఒక్కొక్కటే పెడుతున్నాడు.
ఇంత ఉక్కూ వంగుతాదంట,
వెంట్రుక మందం కూడా కాదు గానీ వంగుతాదంట.
ఆ వంపే పైన అంకె అవుతుంది.

"వంగిందా?" అని అరుస్తాడు చౌడప్ప, ఎగతాళిగా.
కంటికేం కనపడదు.
చెయ్యి ఆనించి చూసి
వంగింది సార్, అంటా.