కోవాకు

ముప్పై ఏళ్లుగా పలకలు చేస్తున్నా.
మార్కాపురం నల్లరాయిని
అప్పడంలా పొరలు చీల్చి, నునుపు పట్టి,
చుట్టూ చెక్క బిగించి లోడుకెత్తితే
ఎక్కడెక్కడి పిల్లలో దానిమీద అ ఆలు దిద్దారు.
తప్పు రాస్తే కోవాకు పెట్టి రుద్దారు.
పసరు వాసనలో తప్పు కరిగిపోయి
పలక మళ్లీ కొత్తదయ్యేది.
రాసింది పోవడమే దాని గొప్పరా, అనేవాడు
మా పాత మేస్త్రీ, దగ్గు తెరిపిచ్చినప్పుడు.

మొన్న రాత్రి
కాశింబీ నిద్రపోయాక
ఫోను వెలుతురు దుప్పట్లో దాచుకుని
ఒక్కో అక్షరం వెతికి కొట్టాను:
పలక దుమ్ము ఊపిరితిత్తులు ఎన్నాళ్లు బతుకుతారు.
చదివాను. లేచి నీళ్లు తాగాను. మళ్లీ చదివాను.
తర్వాత, షర్మిల ఎప్పుడో నేర్పిన ప్రకారం,
వెతికిందంతా చెరిపేశాను.
కోవాకుతో రుద్దినట్టే అనుకున్నా.

తెల్లారి కాశింబీ తన ఫోన్లో
ఊరమిరపకాయలు పెట్టడం చూస్తుంటే
మధ్యలో తెల్లకోటాయన దూరి
"మీ ఇంట్లో ఎవరికైనా ఆగని దగ్గా?" అన్నాడు.
మధ్యాహ్నం షర్మిల పాలిటెక్నిక్ పాఠానికి ముందు
జీవిత బీమా.
నవ్వే భార్య, నవ్వే పిల్ల, భోజనాల బల్ల,
ఒక కుర్చీ ఖాళీ.
సాయంత్రం ఆక్సిజన్ సిలిండరు, వాయిదాల మీద.

"ఏంది, ఇయన్నీ మనింటికే వస్తన్నాయి?"
గొంతు సవరించుకోబోయి
ఆపుకున్నాను.

గడియార స్తంభం దగ్గర
చెప్పుల షాపు మీద నెట్టాఫీసు.
కుర్రాడు మంచోడే, కుర్చీ వేశాడు.
"పేర్లు చూడమన్నా. మాకు మీరొక నెంబరు, అంతే."
నెంబరుకి దగ్గొస్తుందా అబ్బాయ్?
"మీరే ఒప్పుకున్నారు కదన్నా, ఇదుగో."
పదిహేడు పేజీలు, చీమల బారు ఇంగ్లీషు,
చిట్టచివర ఒక టిక్కు.

అప్పుడు గుర్తొచ్చింది.
డబ్బా బిగించడానికొచ్చిన లైనుమేను శీనయ్య
నిచ్చెన మీదనుంచే నా ఫోనందుకుని
తన బొటనవేలితో ఆ టిక్కు నొక్కాడు.
కింద నిచ్చెన పట్టుకుంది నేనే.

"ఆపాలంటే మెయిలు పెట్టండన్నా."
నెలనెలా నాలుగొందల డెబ్బై కట్టేదీ నేనే,
అమ్ముడుపోయే సరుకూ నేనేనా
అని అడగబోయాను. దగ్గొచ్చింది.
కుర్రాడు తన నీళ్ల సీసా నా వైపు జరిపాడు.

ఆ రాత్రి
మూల విరిగి లోడుకెక్కని పలకొకటి తీసి
నోట రాని మాట దానిమీద రాసి
కాశింబీ ముందు పెట్టాను.
కూడబలుక్కుని చదివింది.
రెండోసారి చదవలేదు.
చాలాసేపటికి, గోడనున్న డబ్బా వైపు చూస్తూ,
"నాకంటే ముందు
దానికి చెప్పుకున్నావా?" అంది.

ముప్పై ఏళ్ల దుమ్ము
గుండెల మీద ఇంత బరువు లేదు.

లేచెళ్లి స్విచ్చి కట్టేసింది.
లోపల్నుంచి షర్మిల:
"అమ్మా, నెట్టు పోయింది! రేపే ఫీజుకి ఆఖరు!"
స్విచ్చి మీద వేలుంచి
కాసేపు అట్టాగే నిలబడింది.
మళ్లీ వేసింది.
డబ్బా కళ్లు విప్పింది, ఒకటి, రెండు, నాలుగు.

పెరటి కంచె నిండా కోవతీగే.
నాలుగాకులు తెంపుకొచ్చి పలక తుడవబోతే
"ఉండనీ" అంది కాశింబీ,
"అదన్నా మన దగ్గరుండనీ."

దగ్గొచ్చింది.
ఇంట్లో వద్దనిపించి
వీధిలోకి నడిచాను.