పావుగంటల లెక్క

శుక్రవారం సాయంత్రానికల్లా నా వారాన్ని
పావుగంటలుగా తరిగి డెస్మండ్‌కి అప్పజెప్పాలి.
ఆ కాగితంలో రెండే గడులు:
అవగాహన ఒకటి, లాబీయింగ్ ఒకటి.
రెండోది గీత దాటిందంటే
సంస్థకున్న పన్ను మినహాయింపు ఊడుతుంది,
దాని వెనకే నా ఉద్యోగం,
దాని వెనకే బల్ల కిందున్న ఈ చిన్న హీటరు.

తేలికే, అంటాడు డెస్మండ్.
"ట్రెయిలర్ పార్కుల్లో స్థలం అద్దె
మూడేళ్ళలో రెట్టింపయింది" అంటే అవగాహన.
"కాబట్టి ఈ బిల్లుకి ఓటెయ్యండి" అంటే లాబీయింగ్.
"కాబట్టి" దగ్గర గడియారం చూసుకో, చాలు.

ఈ పనికి తెలుగులో మాట వెతికాను.
పైరవీ అంటే కవరు చేతులు మారినట్టుంటుంది.
సిఫార్సు అంటే లోపల మేనమామ ఉన్నట్టు.
విన్నపం అనగానే చేతులు వాటంతటవే కట్టుకుంటాయి.
మొర దేవుడికి పెట్టుకునేది,
ఆయనకి సబ్‌కమిటీలు లేవు.
లాబీ అంటే అసలు నడవా.
అదొక్కటే నిజం నా విషయంలో:
జీతమిచ్చి నన్ను నడవాలో నిలబెట్టారు.

మంగళవారం అగస్టాలో
కెన్నెబెక్ నది మీద మంచు పగులుతోంది,
వంతెన మీద కారులోకి వినబడేంత చప్పుడు.
పక్క సీట్లో లొరెట్ మిషో, డెబ్బై నాలుగేళ్ళు,
బూట్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేతికుట్టు.
ఒళ్ళో నేను టైపు చేసిచ్చిన పేజీ.
మూడు నిమిషాలకి సరిపోవాలని
నేనే కొట్టేశాను అందులోంచి
మొగుడి చావు, కుక్క, పియోనీ మొక్కలు.
సభ్యులకి ఒక్క అంకె గుర్తుంటుందని
నాకు నేర్పినవాళ్ళు చెప్పారు.
అంకె మిగిల్చాను.

పార్కుల యజమానుల తరఫున ప్రెస్కాట్ వచ్చాడు.
మర్యాదస్తుడు. మాకోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు,
లొరెట్ కోటు అందుకుని కొక్కేనికి తగిలించాడు.
అతనికి గడుల్లేవు.
పొద్దున కాఫీ నుంచి రాత్రి భోజనం దాకా
అతని రోజంతా "కాబట్టి"యే.
మైకు ముందు చాలా సౌమ్యంగా అన్నాడు:
"చక్రాల మీది ఇల్లే కదండీ,
నచ్చకపోతే ఇంకో చోటికి లాక్కెళ్ళొచ్చు."

లొరెట్ వంతు వచ్చింది.
నా పేజీని నాలుగు మడతలు పెట్టి
కళ్ళజోడు కింద ఉంచింది.
"ఎనభై ఆరులోనే ఆ చక్రాలు పీకి అమ్మేశాం," అంది,
"వంటగదికి కిటికీ కొనుక్కోడానికి."
ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.
కిటికీలోంచి ఏం కనబడుతుందో చెప్పడం మొదలెట్టింది.
పియోనీలు వచ్చాయి. కుక్క వచ్చింది.
మెట్ల కింద సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు
మొగుడు నొక్కిన అరచెయ్యి వచ్చింది.
పసుపు దీపం వెలిగింది.
అంకె చెప్పు, అంకె చెప్పు అని
నేను వెనక వరసలో పెదాలు కదుపుతున్నాను.
ఎర్ర దీపం.
ఓటెయ్యమని అడగనే లేదు.

ఛైర్మన్ ధన్యవాదాలు చెప్పింది.
ఒక సభ్యుడు తన అరచెయ్యి తిప్పి చూసుకోవడం నేను చూశాను.
దురద పెట్టిందేమో కూడా.
గురువారం మధ్యాహ్నం బిల్లుని చంపలేదు, పెంచలేదు,
వచ్చే జనవరి సమావేశాలకి వాయిదా వేశారు.
ప్రెస్కాట్ నడవాలో నాకు చెయ్యి కలిపి
"మళ్ళీ కలుద్దాం" అన్నాడు, నిజంగానే.

ఇప్పుడు శుక్రవారం, పెన్సిలు.
లొరెట్ మూడు నిమిషాలు మొదటి గడిలోకే,
డెస్మండ్ సంతోషిస్తాడు.
నేను కదిపిన పెదాలు రెండో గడిలోకి.
నేను కొట్టేసిన పియోనీలకి ఎంత సమయం పట్టిందో
నిజంగా గుర్తులేదు.

వాయిదా సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే
కాసేపు ఏమీ అనలేదావిడ. వెనక కెటిల్ మరుగుతోంది.
తర్వాత అడిగింది:
"కాబట్టి, జనవరిలో
ఎన్నింటికి తయారుగా ఉండమంటావు?"

ఆరింటికే, అన్నాను.
నా జీతమిచ్చే గ్రాంటు జూన్ దాకానే.
ఆ పావుగంట
ఏ గడిలోనూ రాయలేదు.