తివాచీల కొట్టు పైన

వంటింటి బల్ల మీద మూడు కాలేజీలు.
ఒకదాని అంచుకి పులుసు మరక.
నైట్ డ్యూటీ దిగి, బూట్లు విప్పకుండానే
మళ్ళీ మొదటి పేజీ నుంచి తిరగేస్తాను
పెళ్ళిచూపుల ఫోటోలు చూసినట్టు.
అందరూ బావున్నారు. అందరూ నవ్వుతున్నారు.

హల్ ఊళ్ళో ఈ వేళకి కిటికీ బయట ఏమీ ఉండదు,
హంబర్ మీంచి లేచిన మంచు, చెత్తబండి చప్పుడు.

అయ్యగారిని కాబోవడం లేదు నేను.
తెల్లంగీ లేదు, జీతం లేదు.
అయ్యగారు రాలేని ఆదివారం నాలుగు మాటలు చెప్పడానికి,
గడప దాటలేని ముసలివాళ్ళకి రొట్టె పట్టుకెళ్ళడానికి
మూడేళ్ళ చదువంట.
"యాభై రెండేళ్ళకా?" అన్నాడు రత్నాకర్,
ఫీజు అంకె మీద వేలు పెట్టి.

మొదటిదానికి రెండు రైళ్ళు మారి వెళ్ళాను.
రాతిగోడలు. పచ్చిక మీద నడవరాదని బోర్డు.
నిచ్చెనెక్కితే గాని అందని పుస్తకాలు.
నా అడుగుల చప్పుడు నాకే పెద్దగా వినిపించింది.
ప్రశ్నలున్నాయా అంటే చెయ్యెత్తాను:
రాత్రి డ్యూటీ వాళ్ళకి తరగతి ఏ వేళ?
మంచి ప్రశ్న అన్నారు. రాసుకున్నారు.
బిస్కెట్లు మాత్రం చాలా బావున్నాయి.

రెండోది తెర మీద. ఇంట్లోనే, ఎప్పుడంటే అప్పుడు.
ఎప్పుడంటే అప్పుడు చేసే పని
మా ఇంట్లో ఎప్పుడూ అవదు.

మూడోదాన్ని కాలేజీ అనొచ్చో లేదో.
హెస్సిల్ రోడ్డులో తివాచీల కొట్టు పైన ఒక గది.
మెట్లన్నీ కొత్త ఉన్ని వాసన.
ఏడుగురం. ఒకాయన చేపల మార్కెట్ నుంచి సరాసరి వచ్చాడు,
కిటికీ పక్కనే కూర్చున్నాడు, మా మీద దయతో.
పాఠం చెప్పే మిసెస్ థాక్రే చెవి మిషను కీచుమంటే
ఆగి, సర్దుకుని,
ఎక్కడ ఆపానని మమ్మల్నే అడిగింది.

జ్ఞానమణి అని చెప్పాను నా పేరు.
ఆ మొదటి అక్షరం దగ్గర ఇరవై ఏళ్ళుగా
ఈ దేశపు నాలుకలన్నీ జారిపడుతూనే ఉన్నాయి.
వార్డులో నేను ఉత్త మణిని.
ఆమె మూడుసార్లు పలికింది. మూడూ తప్పే.
"వచ్చే వారానికి నేర్చుకొస్తాను" అంది,
హోంవర్కు తనకే ఇచ్చుకున్నట్టు.

మా అవ్వ కోవెలకుంట్ల పల్లెల్లో వాక్యం చెప్పేది.
అక్షరం ముక్క రాదు.
బొమ్మల చుట్ట చంకన పెట్టుకుని
పత్తి ఏరేవాళ్ళతో సాలు వెంట తానూ ఏరుతూ చెప్పేది.
ఒడి నిండేసరికి కథ అయిపోయేది.

దరఖాస్తులో ఒక గడి:
పిలుపు ఎప్పుడు వచ్చింది, రెండు వందల మాటల్లో.
అవ్వయితే నవ్వి ఊరుకునేది.
నేను రాయాలంటే పధ్నాలుగో మంచం గురించి రాయాలి.
మిస్టర్ ఆపిల్‌బీ. ముప్పై ఏళ్ళు వలలు లాగిన చేతులు.
తెల్లారుజాము మూడున్నరకి "ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.
ఇంగ్లీషు ప్రార్థన గొంతులోనే నిలిచిపోయింది.
తెలుగులో మొదలుపెట్టాను, అవ్వ వరసలో.
ఒక్క ముక్క అర్థం కాలేదాయనకి.
"ఆపకు" అన్నాడు.
నాలుగింటికి బీపీ రాయాల్సిన గడి
ఆ చార్టులో ఇప్పటికీ ఖాళీ.

ఇది రెండు వందల మాటలు అవునో కాదో.
ఏ భాషలో రాయాలో ఫారం చెప్పదు.

మంగళవారాలు మార్చమని సిస్టర్‌ని అడిగాను.
నెలకి రెండు ఆదివారాలు ఇస్తే మారుస్తానంది.
ఆదివారం కోసం చదువు, చదువు కోసం ఆదివారం.
సరే అన్నాను.
రత్నాకర్‌కి ఇంకా చెప్పలేదు.
ముందు మంగళవారం రానీ,
ఆ అక్షరం ఆమెకి ఎందాకా వచ్చిందో చూడాలి.